గోనెసంచుల మీదుగా ఊటీ

ఏప్రిల్ నెలాఖర్లో గుంటూరులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అడిగితే అవతలివాడు జవాబు చెప్పడానికి నోరు తెరవాలి, తెరిస్తే వేడిగాలి లోపలికి పోతుంది. అలాంటి రోజుల్లో మా తీరప్రాంత గోనెసంచుల అభివృద్ధి సంస్థ ప్రాంతీయ కార్యాలయానికి హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది.

దాని పేరు ఉద్యోగుల ఉల్లాస పథకం. ఉల్లాసవంతులైన సిబ్బంది చేతిలో గోనెసంచి మరింత దృఢంగా తయారగునని నిపుణులు తేల్చినందున, ప్రతి ప్రాంతీయ కార్యాలయమూ తన సిబ్బందిని ఈ వేసవిలో ఒక చల్లని కొండ ఊరికి తీసుకొనిపోయి చూపించవలెనని అందులో ఉంది. మా ఆఫీసులో గోనెసంచి కుట్టేవాళ్ళు ఎవరూ లేరు. గోనెసంచి గురించి రాసేవాళ్ళమే అందరం. అయినా ఈ విషయం పైకి తెలియజేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఏ ఊరికి వెళ్ళాలన్న చర్చ ఎక్కువసేపు జరగలేదు. అకౌంటెంటు ఆదిశేషు దగ్గర్లో ఉన్న కోటప్పకొండ అయితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చన్నాడు. అది భక్తికి సంబంధించిన కొండ, మనకు మంజూరైంది ఉల్లాసానికి సంబంధించిన కొండ అని మా రీజనల్ మేనేజరు పశుపతినాథం గారు తోసిపుచ్చారు. తర్వాత ఆఫీసు సూపరింటెండెంటు కృపావతి గారు ఊటీ అన్నారు. అందరం ఊటీ అన్నాం.

కృపావతి గారు అంటే మేనేజరు తర్వాత ఆఫీసులో పెద్దావిడ. ఆగస్టులో రిటైరవుతారు. ఆవిడ ఊటీ వెళ్దామని ఇదివరకు ఎన్నోసార్లు బయల్దేరారు. ఒకసారి వాళ్ళ అత్తగారు బాత్రూములో జారిపడ్డారు. ఒకసారి తుపాను వచ్చి రైళ్ళు ఆగిపోయాయి. ఒకసారి అన్నీ కుదిరి స్టేషనుకు వెళ్ళాక, గోనెసంచుల మీద అసెంబ్లీలో ప్రశ్న పడిందని ఆఫీసు జీపు వచ్చి ఆవిణ్ణి ప్లాట్‌ఫారం మీంచి తీసుకొచ్చేసింది. అందుకని ఈసారి ఆఫీసే తీసుకెళ్తోందంటే ఆవిడకు ధైర్యం వచ్చింది. ఇక ఆఫీసు వైపునుంచైనా ఆటంకం రాదని ఆవిడ లెక్క. ఆ మధ్యాహ్నమే బజారుకు వెళ్ళి నీలం రంగు స్వెట్టరు కొనుక్కొచ్చి మాకు చూపించారు. దాన్ని చూస్తుంటేనే మాకు చెమటలు పట్టాయి.

చిక్కల్లా సర్క్యులర్ చివరి పేరాలో వచ్చింది. చివరి పేరాలు చదివే అలవాటు మా ఆఫీసులో పశుపతినాథం గారికి తప్ప ఇంకెవరికీ లేదు. ఆయన దాన్ని మీటింగులో నిలబడి చదివారు. "సదరు కొండ ఊరిలో సిబ్బందికి కలుగబోవు అనుభవములన్నింటికిని వారిని ముందుగా సంసిద్ధులను చేసి, ఆ సంసిద్ధతను ధ్రువీకరించిన పిమ్మటనే ప్రయాణమునకు అనుమతించవలెను."

చదివి, కళ్ళద్దాలు తీసి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు.

"అన్నింటికిని అన్నారు, గమనించారా," అన్నారు. "కొన్నింటికి అనలేదు."

పశుపతినాథం గారు చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆయన కోపంగా మాట్లాడగా ఎవరూ వినలేదు, ఎవరి జీతమూ ఆపలేదు. ఆయనకున్నదల్లా అక్షరం మీద గౌరవం. రాసి ఉన్నదాన్ని రాసినట్టు చేస్తారు. ఒకసారి మెట్ల దగ్గర 'తడి నేల, జాగ్రత్త' అని బోర్డు పెట్టి, నేల ఆరిపోయాక కూడా ఆ బోర్డు తీసే ఉత్తర్వు రానందున, రోజూ పొద్దున్నే ఆ మెట్ల మీద నీళ్ళు చల్లించారు.

మొదటి అనుభవం చలి అని ఆయన నిర్ణయించారు. గుంటూరులో మే నెల మొదట్లో చలి దొరికే చోటు ఒక్కటే, మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఊరి బయట ఒకదాని యజమానితో మాట్లాడి మమ్మల్నందరినీ వ్యానులో తీసుకెళ్ళారు. స్వెట్టర్లూ మంకీ టోపీలూ ఇక్కడే వేసుకుని ఎక్కాలన్నారు, ఎందుకంటే కొండ మీద దిగాక వేసుకోవడం సంసిద్ధత కిందికి రాదు. దార్లో సిగ్నలు దగ్గర మజ్జిగ బండివాడు మా వ్యాను కిటికీలోకి చూసి, బండి తోసుకుంటూ కొంచెం దూరం జరిగాడు.

లోపల చీకటి, చలి, పైకప్పు దాకా మిర్చి టిక్కీలు. ప్రతి టిక్కీ మా గోనెసంచే. పశుపతినాథం గారు ఒకదాన్ని ఆప్యాయంగా తట్టారు. అంతే, అందులోంచి లేచిన ఘాటుకు ముందు ఆయనే తుమ్మారు. తర్వాత ఆదిశేషు, తర్వాత నేను, తర్వాత అందరం. ఒకరి తుమ్ముకు ఇంకో టిక్కీ కదిలి మళ్ళీ ఘాటు లేచేది. కృపావతి గారు స్వెట్టరు మెడ ముక్కుదాకా లాక్కుని, కళ్ళనీళ్ళు కారుస్తూ, అలాగే నిలబడ్డారు. నిర్ణీత సమయం పూర్తయ్యేదాకా తలుపు తీయకూడదని మేనేజరుగారే వాచ్‌మన్‌కు చెప్పి ఉన్నారు. లోపలినుంచి ఆయనే కొట్టినా వాచ్‌మన్ తీయలేదు.

మర్నాడు ఆయన హెడ్డాఫీసుకు నివేదిక పంపారు. కొండ ఊళ్ళలోని చలి వల్ల తుమ్ములు, కన్నీరు, గొంతు మంట, పెదవుల వాపు కలుగునని ప్రత్యక్షంగా నిర్ధారణ అయినదని, అయినప్పటికీ సిబ్బంది స్థైర్యంగా తట్టుకున్నారని రాశారు. హెడ్డాఫీసు అభినందిస్తూ జవాబిచ్చింది. ఇతర కార్యాలయాలేవీ చలి గురించి ఇంత లోతైన సమాచారం ఇవ్వలేదట.

దాంతో ఆయనకు ఉత్సాహం వచ్చింది. తర్వాతది ఘాట్ రోడ్డు. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పాత గోనెసంచులు గుట్టలు గుట్టలుగా పోయించి, వాటి మధ్య మెలికలు తిరిగే దారి వేయించారు. డ్రైవరు మస్తాన్‌వలీ మా వ్యానును ఆ దారిలో తిప్పాలి. మస్తాన్‌వలీ మొదట ఒప్పుకోలేదు. తాను నిజం ఘాట్ రోడ్డు మీద లారీలు తోలినవాణ్ణనీ, అక్కడ మలుపు తిరిగితే ఎక్కడికో చేరతామనీ, ఇక్కడ తిరిగినచోటే తిరుగుతున్నామనీ చెప్పి చూశాడు. చేరడం అనేది తర్వాతి దశ అని మేనేజరుగారు సర్దిచెప్పారు.

తిరిగాం. ఆదిశేషు కిటికీలోంచి తల బయటపెట్టి ఇక లోపలికి తేలేదు. వ్యాను ఆగాక అందరం దిగి ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని నిలబడ్డాం. కానీ పశుపతినాథం గారు మళ్ళీ ఎక్కమన్నారు. పైకి ఎక్కే మలుపులు మాత్రమే అయ్యాయట. దిగే మలుపులు వ్యతిరేక దిశలో తిరక్కపోతే మొదటివి కడుపులో మిగిలిపోతాయట. మస్తాన్‌వలీ రివర్సు గేరు వేశాడు.

ఆ సాయంత్రం కృపావతి గారు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మంచినీళ్ళు ఇచ్చాను.

"గురవయ్యా, టిక్కెట్లు బుక్ చేశారంటావా?" అని అడిగారు.

సిబ్బంది విభాగం నాదే కాబట్టి నాకు తెలుసు. ఇంకా చేయలేదు. సంసిద్ధత ధ్రువీకరణ అయ్యాకే చేస్తారని చెప్పాను. ఆవిడ కాసేపు ఫ్యాను వంక చూసి, పోనీలే, ఇంకెన్ని ఉంటాయి, చలి అయింది, మలుపులు అయినాయి, అన్నారు.

ఇంకా ఆశ్చర్యం ఉంది. కొండ ఊళ్ళో మనిషికి కలిగే ప్రధానమైన అనుభవం ఆశ్చర్యమనీ, దానికి శిక్షణ లేకుండా పంపడం బాధ్యతారాహిత్యమనీ పశుపతినాథం గారు గ్రహించారు. హైదరాబాదు నుంచి డాక్టర్ శశాంకశేఖర్ అనే ఆస్వాదన శిక్షకుణ్ణి పిలిపించారు. ఆయన తెల్లటి ప్యాంటూ చొక్కాతో వచ్చి, ఏసీ గదిలో మాత్రమే ఆశ్చర్యం నేర్పగలనన్నారు. మేనేజరుగారి గది ఇచ్చాం.

ప్రకృతి ముందు నిలబడినప్పుడు మనిషికి కలిగే విస్మయం మూడు విధాలని ఆయన చెప్పారు. చిరు విస్మయానికి కనుబొమలు చాలు. మధ్యమ విస్మయానికి నోరు కూడా తెరవాలి. పూర్ణ విస్మయంలో కుడిచెయ్యి గుండె మీద వేసుకుని, "అబ్బ" అని, ఒక అడుగు వెనక్కి వేయాలి. ముందుకు వేస్తే లోయలో పడే ప్రమాదం ఉన్నందున ఈ విషయంలో స్వతంత్ర ధోరణి కూడదన్నారు. నిజమైన కొండల బొమ్మలు చూపిస్తారేమో అనుకున్నాం. చూపిస్తే అసలు కొండను చూసినప్పుడు ఆశ్చర్యం తగ్గుతుందని చూపించలేదు. బదులుగా వెనక స్థలంలోని గోనెసంచుల గుట్ట మీద ఆకుపచ్చ టార్పాలిన్ కప్పించి, ఒక్కొక్కరినీ కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళి, గంతలు విప్పి చూపించారు.

ఎండ మాడిపోతోంది. నాకు మధ్యమ విస్మయం వచ్చింది. ఆదిశేషు ఎండదెబ్బ తగిలి వెనక్కి పడ్డాడు, దాన్ని పూర్ణం కింద రాసుకున్నారు. కృపావతి గారి వంతు వచ్చింది. గంతలు విప్పగానే ఆవిడ టార్పాలిన్ వంక చూసి, డాక్టరుగారి వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేకపోయారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆవిడ అలా నవ్వగా మేం చూడలేదు.

డాక్టరుగారు చిన్నబుచ్చుకున్నారు. నవ్వు విస్మయం కాదని, ఇది ఆశ్చర్య లోపమని, ఇలాంటివాళ్ళు ఒక్కరున్నా బృందం మొత్తం సామర్థ్యం పడిపోతుందని రాసిచ్చారు. ఆవిడ ఉత్తీర్ణురాలయ్యేదాకా ప్రయాణం లేదన్నారు. దాంతో ఊటీ అంతా ఆవిడ కనుబొమల మీద ఆధారపడింది. రోజూ మధ్యాహ్నం ఎండలో ఆవిణ్ణి ఆ గుట్ట ముందు నిలబెట్టేవాళ్ళు. ఆవిడ నిజంగానే ప్రయత్నించారు. ఇంట్లో అద్దం ముందు కూడా అభ్యాసం చేస్తున్నానని, వాళ్ళాయన భయపడి బీపీ చూపించుకోమంటున్నాడని నాకు చెప్పారు. చివరికి ఒకరోజు టార్పాలిన్ కిందనుంచి ఒక ముంగిస బయటికి వచ్చి ఆవిడ కాళ్ళ మధ్యనుంచి పరుగెత్తింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "అబ్బ" అని, ఒక అడుగు కాదు, నాలుగడుగులు వెనక్కి వేశారు. అంతటి విస్మయం తన వృత్తి జీవితంలో చూడలేదని డాక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఇక పొగమంచు ఒక్కటే మిగిలింది. దోమల మందు కొట్టే పొగ మిషను అద్దెకు తెచ్చి ఆవరణ అంతా నింపారు. ఆ పొగలో ఒకరికొకరం కనపడకుండా, చేతుల్లో టీ గ్లాసులతో, దగ్గుకుంటూ నిలబడ్డాం. ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో దోమలు లేవు.

మే నెల మూడోవారంలో సంసిద్ధత ధ్రువీకరించడానికి హెడ్డాఫీసు నుంచి డిప్యూటీ జనరల్ మేనేజరు మాల్యాద్రి గారు వచ్చారు. కోల్డ్ స్టోరేజీ చూశారు, తుమ్మారు. వ్యానెక్కి తిరిగారు, కాసేపు పడుకున్నారు. గుట్ట చూశారు. పొగలో టీ తాగారు. తర్వాత మమ్మల్ని వరసగా నిలబెట్టి చలి అనుభవించారా అని అడిగారు. అనుభవించామన్నాం. మలుపులు తిరిగారా అంటే తిరిగామన్నాం. మంచు చూశారా అంటే చూశామన్నాం. ఆశ్చర్యపడ్డారా అంటే అందరం కృపావతి గారి వైపు చూశాం. ఆవిడ పడ్డానండీ అన్నారు.

మాల్యాద్రి గారు అన్నింటికీ టిక్కులు పెట్టుకున్నారు.

"అయితే ఊటీలో ఇంకేముంది?" అన్నారు.

ఉన్నదేదో తెలిస్తే దానికీ శిక్షణ పెడతారని కొందరు నోరు మూసుకున్నారు. నేనూ వాళ్ళలోనే ఉన్నాను. ఆయన అక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. యాత్ర వలన కలుగవలసిన సమస్త ప్రయోజనములు యాత్రకు పూర్వమే సిద్ధించినందున, గుంటూరు కార్యాలయ సిబ్బంది ఊటీ పర్యటనను విజయవంతముగా పూర్తిచేసినట్లు పరిగణించడమైనది. మా అందరి సర్వీసు రికార్డుల్లో ఊటీ చూసినట్టు నమోదు చేయించారు. నేనే నమోదు చేశాను. పశుపతినాథం గారికి శాలువా కప్పారు. ఇకమీదట మిగతా కార్యాలయాల సిబ్బంది కూడా ఊటీ చూడ్డానికి గుంటూరే వస్తారని ప్రకటించారు.

నిజంగానే వచ్చారు. జూన్ మొదట్లో శ్రీకాకుళం వాళ్ళు స్వెట్టర్లు వేసుకుని దిగారు. స్టేషను బయట ఆటోవాళ్ళు వాళ్ళను చూసి ఊటీకేనా అని అడిగి ఎక్కించుకునేవాళ్ళు.

కృపావతి గారు శుక్రవారం సెలవు కావాలని, ఊటీ వెళ్ళాలని అడిగారు. మేనేజరుగారు బాధపడుతూనే కాదన్నారు. పథకం ప్రకారం ఒక ఉద్యోగికి ఒక కొండ ఒక్కసారే. ఆవిడ ఇప్పటికే చూసేశారు. శుక్రవారం ఆవిడ ఆఫీసుకు రాలేదు. సోమవారం కూడా రాలేదు. మంగళవారం వచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది. అనుమతి లేకుండా రెండవసారి ఊటీ దర్శించినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని.

విచారణ మేనేజరుగారి గదిలోనే జరిగింది. సాక్షిగా నన్ను కూర్చోబెట్టారు. పశుపతినాథం గారు మర్యాదగానే అడిగారు. మొదటి ఊటీకీ రెండో ఊటీకీ తేడా ఏమిటో విచారణ నిమిత్తం వివరించమన్నారు. అడుగుతూ ఆయన కాస్త ముందుకు వంగారు. ఆయన కూడా ఎప్పుడూ ఊటీ చూడలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

"చలి ఉందండీ. కానీ ఎవరికీ తుమ్ములు రాలా," అన్నారు కృపావతి గారు. "మలుపుల్లో నేను నిద్రపోయా. మా ఆయన లేపితే లేచా."

"మరి శిఖరం? ఏ స్థాయి విస్మయం కలిగింది?"

"ఏమో సార్. పైకి వెళ్ళేసరికి మబ్బు కమ్మేసింది. ఏమీ కనపళ్ళా. అందరూ తిట్టుకుంటా కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. పక్కన ఎవరో ఒకావిడ జామకాయ కోసి సగం ఇచ్చింది. అది తింటుంటే మబ్బు కొంచెం చీలి, కింద లోయలో ఎండ పడిన ముక్క ఒకటి కనపడింది. తోటలు, చిన్న చిన్న ఇళ్ళు. అంతలోకే మళ్ళీ మూసుకుంది. నోట్లో జామకాయ నమలడం మర్చిపోయా సార్. ఆశ్చర్యపొమ్మని అక్కడ ఎవరూ చెప్పరండీ. మన మానాన మనల్ని వదిలేస్తారు."

పశుపతినాథం గారు కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఆయన మెత్తబడ్డారనే అనుకున్నాను.

"ఎవరూ చెప్పరా?" అన్నారు.

"లేదండీ."

"లోయ ముందస్తు సమాచారం లేకుండా కనపడుతుందా?"

"అవునండీ."

ఆయన లేచి నిలబడ్డారు. అంతమంది జనాన్ని ఎలాంటి సంసిద్ధతా లేకుండా ఒక కొండ మీద వదిలేయడం దేశంలో ఎక్కడా జరగకూడని విషయమని, దీన్ని స్వయంగా పరిశీలించాల్సిన బాధ్యత తన మీద ఉందని చెప్పారు. ఆ వారమే పర్యవేక్షణ నిమిత్తం ఊటీ బయల్దేరారు. భార్యనూ ఇద్దరు కూతుళ్ళనూ సంసిద్ధత లేని సామాన్య వీక్షకుల నమూనాగా వెంట తీసుకెళ్ళారు.

మొదటి సందేశం మూడోరోజు వచ్చింది. పరిస్థితి అనుకున్నదానికన్నా విషమంగా ఉందని, పొగమంచు ఎలాంటి క్రమం పాటించడం లేదని, గడువు పొడిగించమని రాశారు. హెడ్డాఫీసు పొడిగించింది. తర్వాతి సందేశంలో సరస్సు మీద సాయంకాలపు వెలుగు విషయం ఇంకా కొలిక్కి రాలేదని, పెద్దమ్మాయి గుర్రం స్వారీ అంశాన్ని అధ్యయనం చేస్తోందని ఉంది. మళ్ళీ పొడిగించారు.

మేనేజరు లేనప్పుడు సూపరింటెండెంటే ఇన్‌చార్జి. అలా కృపావతి గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. మొదటిరోజే పెండింగు ఫైళ్ళన్నీ ఆవిడ ముందు పెట్టాను. అందులో ఆవిడ మీద విచారణ ఫైలు కూడా ఉంది. నిర్ణయం తీసుకోవాల్సింది రీజనల్ మేనేజరు, లేదా ఇన్‌చార్జి. నేను ఇబ్బందిగా నిలబడ్డాను. ఆవిడ మాత్రం నిబంధన ప్రకారమే పోదామన్నారు. తనను తాను పిలిపించుకున్నట్టు, హాజరైనట్టు నాతో రాయించారు. సంజాయిషీ మొత్తం మళ్ళీ చదివారు. జామకాయ దగ్గర కొంచెం ఆగారు. తర్వాత, ఉద్యోగిని చెప్పిన కారణాలు సంతృప్తికరంగా ఉన్నాయని, అయితే పనిదినాల్లో వెళ్ళినందుకు ఒకసారి మందలించడమైనదని రాసి సంతకం పెట్టారు. పెట్టి, కలం మూసి, సీరియస్‌గా తల ఊపారు. మందలింపు అందినట్టే కనిపించింది.

ఆ వారంలో వెనక స్థలంలోని గుట్టలు తీయించేశారు. వస్తామని రాసిన కర్నూలు వాళ్ళకు, ఇక్కడి ఊటీ మరమ్మతుల్లో ఉన్నదని, అసలుదానికి పొమ్మని జవాబు రాయించారు.

ధైర్యం చేసి నేను కూడా సెలవు అడిగాను. నేనూ మా ఆవిడా ఇద్దరమే. ఎక్కడికని అడగలేదు, తల ఎత్తకుండానే సంతకం పెట్టారు. కాగితం నా చేతికి ఇస్తూ మాత్రం గొంతు తగ్గించారు.

"గురవయ్యా, సారు ఇంకా అక్కడే ఉన్నారు. కనపడితే పక్కకి తప్పుకో. నమస్కారం పెట్టావంటే నిన్ను కూడా పర్యవేక్షణ కమిటీ అని ఏదో ఒకదాంట్లో వేస్తారు."